పట్టాలో లేని సంతకం

ముప్పయ్యేళ్ళు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి నేను. హోసూరు వైపు ఒక రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట చెట్టు నీడన ఒక బల్ల, ఒక పెట్టె, సిరా దిండు, అంతే నా కచేరీ. ఎవరైనా భూమి కాగితాలు తెచ్చి బల్లమీద పెడితే నేను మొదట చూసేది ధర కాదు, మూలపత్రం. అమ్మేవాడికి ఈ భూమి ఎట్లా వచ్చింది? వాడికి అమ్మినవాడికి ఎట్లా వచ్చింది? అట్లా వెనక్కి వెనక్కి పోతే ఎక్కడో ఒకచోట దారం తెగిపోతుంది. అక్కడ "పూర్వం నుంచి నిరాటంకంగా అనుభవంలో ఉన్నది" అని ఒక మాట రాసి ముందుకు జరుగుతాం. ఆ మాట నేను కొన్ని వందలసార్లు రాసి ఉంటాను. దానికి ముందు అక్కడ ఎవరున్నారని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

వృత్తి మానేసి పుస్తకాలు చదువుకుంటున్నా ఆ చూపు మాత్రం మారలేదు. జేమ్స్ ఫెనిమోర్ కూపర్ 1823లో రాసిన "ది పయొనీర్స్" నవలను చాలామంది అడవి కథగానో, ముసలి వేటగాడి కథగానో చదువుతారు. నాకు మాత్రం అది మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక దస్తావేజులాగే కనిపించింది. అందులో చెక్కుబంది ఉంది, తనఖా ఉంది, వీలునామా ఉంది, వారసుడు ఉన్నాడు. ఇంకా గట్టిగా చెప్పాలంటే, అది ఒక తండ్రి కొన్న భూమికి కొడుకు రాసిచ్చిన సవరణ దస్తావేజు. కోర్టు కాగితాలు తేల్చినా మనసుకు తేలని హక్కును కథలో తేల్చుకోవాలని చేసిన ప్రయత్నం. ఆ ప్రయత్నం పూర్తిగా నెగ్గలేదు. నెగ్గలేదు కాబట్టే ఆ నవల ఇన్నేళ్ళు నిలిచిందని నా అభిప్రాయం.

ముందు కథ చెప్పుకోవాలి. 1793 క్రిస్మస్ ముందురోజు. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కొండల నడిమి సరస్సు, దాని ఒడ్డున కొత్తగా వెలసిన టెంపుల్టన్ అనే ఊరు. ఊరికీ చుట్టుపట్ల భూములకీ యజమాని జడ్జి మార్మడ్యూక్ టెంపుల్. చదువు ముగించిన కూతురు ఎలిజబెత్‌ను మంచుబండిలో ఇంటికి తీసుకొస్తూ దారిలో ఒక దుప్పిమీద తుపాకీ పేలుస్తాడు. దుప్పి పడుతుంది గాని, కొట్టింది ఎవరు? ముసలి వేటగాడు నాటీ బంపో తానంటాడు, జడ్జి తానంటాడు. నిజానికి కొట్టింది ఆలివర్ ఎడ్వర్డ్స్ అనే యువకుడు. జడ్జి పేల్చిన గుండు ఒకటి అతని భుజంలో దిగి ఉంటుంది. ఇది బయటపడక ముందే జడ్జి ఆ మాంసాన్ని డబ్బిచ్చి కొనబోతాడు. బయటపడ్డాక, నా అడవిలో ఎప్పటికీ వేటాడుకోవచ్చునని యువకుడికి హక్కు దానం చేస్తాడు. ఈ కొండల్లో తన వేట హక్కు దాన్ని కాదనే జడ్జి హక్కుకంటే పాతదని చెప్పేవాళ్ళు ఇంకా బతికే ఉన్నారని నాటీ అంటాడు.

గమనించండి, నవల తెరవగానే జరిగే తగాదా ఆస్తి తగాదా. ఒక జంతువును ముగ్గురు తమదంటారు. ఒకడు కొంటానంటాడు, కొనడం కుదరకపోతే దానం చేస్తానంటాడు. దానం చెయ్యడానికి ముందు అది తనదై ఉండాలి కదా! ఈ చిన్న మెలికలోనే నవల సారమంతా ఉంది.

ఇక ఆ తండ్రి సంగతి. టెంపుల్టన్ అంటే కూపర్స్‌టౌన్. జడ్జి టెంపుల్ అంటే, కొంత మార్పుతో, రచయిత తండ్రి విలియం కూపర్. 1754లో పెన్సిల్వేనియాలో బీద క్వేకర్ కుటుంబంలో పుట్టినవాడు, బండిచక్రాలు చేసే పనివాడు. న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో దుకాణదారుడయ్యాడు. అక్కడినుంచి భూముల బేరంలోకి దిగాడు. అలన్ టేలర్ అనే చరిత్రకారుడు ఈ తండ్రీకొడుకుల కథను "విలియం కూపర్స్ టౌన్" అనే పేరుతో 1995లో పుస్తకంగా తెచ్చాడు. మరుసటి ఏడు దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. నవలను దాని పక్కన పెట్టుకుని చదివితే రెండు దస్తావేజులు పక్కపక్కన పెట్టి సరిచూసినట్టే ఉంటుంది.

విలియం కూపర్ కొన్న భూమికి మూలపత్రం చూద్దాం. 1768లో ఫోర్ట్ స్టాన్విక్స్ అనే చోట బ్రిటిష్ ప్రభుత్వానికీ ఇరొక్వా సమాఖ్యకూ పెద్ద ఒప్పందం జరిగింది. ఆ సందడిలోనే జార్జి క్రోఘన్ అనే ఐరిష్ వర్తకుడు సొంతానికి భూములు కొనుక్కున్నాడు. ఆదివాసులతో వ్యవహారాలు చూసే ప్రభుత్వోద్యోగి కూడా అతనే. ఒక చేత్తో ప్రభుత్వం పని, ఇంకో చేత్తో సొంత బేరం. 1769లో ఒట్సీగో సరస్సు దగ్గర సుమారు లక్ష ఎకరాలకు రాజపట్టా సంపాదించాడు. అప్పటికే అప్పుల్లో మునిగి ఉన్నాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొడుకు, న్యూజెర్సీ గవర్నరు విలియం ఫ్రాంక్లిన్ ద్వారా బర్లింగ్టన్ వర్తకుల దగ్గర అప్పు తెచ్చి ఆ భూమిని తనఖా పెట్టాడు. తర్వాత స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. రాజపక్షం పట్టిన ఫ్రాంక్లిన్ ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. క్రోఘన్ 1782లో దరిద్రంలో చనిపోయాడు. విలియం కూపర్, అతని భాగస్తుడు ఆండ్రూ క్రెయిగ్ ఆ పాత అప్పు పత్రాల్లో వాటాలు చవగ్గా కొని, వాటిని పట్టుకుని 1786 జనవరిలో షెరీఫు చేత భూమిని వేలం వేయించి తామే పాడుకున్నారు. క్రోఘన్ వారసులు వద్దని అడ్డుపడుతున్నా వేలం ఆగలేదు. క్రోఘన్ అల్లుడు బ్రిటిష్ సైన్యంలో అధికారిగా పనిచేసినవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

అదే ఏడు మే నెలలో కూపర్ అమ్మకం మొదలుపెట్టాడు. 16 రోజుల్లో 40,000 ఎకరాలు బీద రైతులకు అమ్మేశానని తన చిన్న పుస్తకంలో చెప్పుకున్నాడు. "ఎ గైడ్ ఇన్ ది విల్డర్నెస్" అనే ఆ పుస్తకం అతను చనిపోయిన మరుసటి ఏడు, 1810లో, డబ్లిన్‌లో అచ్చయింది. కౌలుకివ్వకుండా పూర్తి హక్కుతో అమ్మడం, డబ్బు ఏళ్ళ తరబడి వాయిదాల మీద తీసుకోవడం, రైతుల మధ్యే కాపురముండి వాళ్ళ బూడిద ఉప్పు, మేపుల్ చక్కెర బాకీ కింద జమ కట్టుకోవడం, ఇదీ అతని పద్ధతి. 1789లో కరువు వస్తే రాష్ట్ర ప్రభుత్వం దగ్గరికి పోయి మొక్కజొన్న తెచ్చి పంచాడు. మనిషి దుర్మార్గుడేం కాదు. ఊరి జడ్జి అయ్యాడు, రెండుసార్లు కాంగ్రెసు సభ్యుడయ్యాడు.

అతను ఒంటరి కాదనీ, ఆ కాలమే అటువంటిదనీ తెలుసుకోకపోతే న్యాయం చేసినవాళ్ళం కాము. యుద్ధం ముగిసేసరికి రాష్ట్రాలన్నీ అప్పుల్లో ఉన్నాయి. చేతిలో ఉన్నది భూమి ఒక్కటే, అదీ ఆదివాసులు కాపురమున్న భూమి. దాన్ని లక్షల ఎకరాల లెక్కన కారుచౌకగా పెద్దవాళ్ళకు అమ్మేశారు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన రాబర్ట్ మోరిస్ యుద్ధానికి డబ్బు సమకూర్చిన మహానుభావుడు. 1795లో 60 లక్షల ఎకరాలతో భూముల కంపెనీ పెట్టి, 1798లో అప్పులవాళ్ళ జైలుకు పోయాడు. జార్జియా శాసనసభ 1795లో యాజూ నదీ ప్రాంతంలో మూడున్నర కోట్ల ఎకరాలను 5 లక్షల డాలర్లకు రాసిచ్చింది. ఓటు వేసిన సభ్యుల్లో చాలామందికి ఆ కంపెనీల్లో వాటాలున్నాయని తేలితే మరుసటి ఏడు కొత్త సభ దాన్ని రద్దు చేసింది. కవులు కూడా ఈ మడుగులో దిగారు. "ది విజన్ ఆఫ్ కొలంబస్" కావ్యం రాసిన జోయెల్ బార్లో 1788లో సియోటో కంపెనీ ఏజెంటుగా ఫ్రాన్సుకు పోయి ఒహాయో భూములు అమ్మాడు. కొన్నవాళ్ళు 1790లో కొన్ని వందలమంది ఓడలెక్కి వచ్చి చూసుకుంటే, అమ్మిన కంపెనీకే ఆ భూమి మీద హక్కు లేదు! మన ఊళ్ళ చుట్టూ రంగు రాళ్ళు పాతి ప్లాట్లు అమ్మేవాళ్ళను చూసినవాళ్ళకు ఈ కథ కొత్తగా ఉండదు.

ఈ నేపథ్యంలో నవల దగ్గరికి వద్దాం. 1789లో పుట్టిన జేమ్స్ పసితనంలోనే కూపర్స్‌టౌన్ చేరాడు. తండ్రి 1809లో చనిపోయేటప్పుడు పిల్లలంతా తాము గొప్ప ధనవంతులమనుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి అన్నలందరూ పోయారు. భూముల ధరలు పడిపోయాయి, పాత బాకీలు, దావాలు మీద పడ్డాయి. తండ్రి కట్టిన ఇల్లు కూడా పరుల పాలైంది. కుటుంబంలో మిగిలిన ఒక్క మగపిల్లవాడు కలం పట్టాడు. పోయిన ఊరిని కాగితం మీద మళ్ళీ కట్టాడు. కట్టేటప్పుడు పునాదిలో మూడు రాళ్ళు మార్చాడు.

మొదటిది, కొన్న తీరు. నిజంలో అది దివాలా తీసిన వర్తకుడి తనఖా మీద తొందర తొందరగా జరిగిన వేలం. నవలలో జడ్జి టెంపుల్ తన స్నేహితుడు ఎఫింగమ్ పెట్టుబడితో రహస్య భాగస్తుడుగా వ్యాపారం చేస్తాడు. ఎఫింగమ్ కుటుంబం రాజపక్షం. యుద్ధంలో వాళ్ళ భూములు జప్తయి వేలానికి వస్తే టెంపుల్ కొంటాడు. మిత్రద్రోహి అని లోకం అనుకుంటుంది. చివర్లో తెలిసేదేమంటే, అతను ఇన్నాళ్ళూ వాటిని స్నేహితుడి కోసం కాపాడుతున్నాడు, సగం ఆస్తి ఎఫింగమ్ వారసులకని ముందే వీలునామా రాసి ఉంచాడు. వేలంపాట ధర్మకర్తృత్వంగా మారిపోయింది!

రెండోది, మొదటి దాత. నిజంలో భూమి ఇరొక్వాల చేతినుంచి బేరం మీద క్రోఘన్‌కు వచ్చింది. నవలలో డెలావేర్ జాతివాళ్ళు ముసలి మేజర్ ఎఫింగమ్‌ను తమ బిడ్డగా దత్తత చేసుకుని, సభ తీర్చి, ప్రేమతో ఆ నేలను ఇచ్చారని ఉంటుంది. ఆ సరస్సు ప్రాంతం ఇరొక్వాలదే గాని డెలావేర్లది కాదు. కాని రచయితకు కావలసింది బేరం కాదు, దానం. బేరమంటే ధర చాలిందా అని అడగవచ్చు. దానాన్ని ఎవరు అడుగుతారు?

మూడోది, వారసులు. నిజంలో వాళ్ళు దావాలు వేశారు. నవలలో ఆలివర్ ఎడ్వర్డ్స్ మేజర్ ఎఫింగమ్ మనుమడని తేలుతుంది, జడ్జి కూతురిని పెళ్ళి చేసుకుంటాడు. ప్రతివాది కూతురు వాది ఇంటి కోడలైతే ఇక కోర్టుతో పనేముంది?

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం ఇంకొకటుంది. నవల నడిచినంతసేపూ ఊళ్ళోవాళ్ళూ ఎలిజబెత్తూ పాఠకులూ కూడా ఆలివర్ ఒంట్లో ఆదివాసి రక్తం ఉందనే అనుకుంటారు. ముసలి ఆదివాసి జాన్ అతన్ని గరుడపిల్ల అని పిలుస్తాడు. జడ్జిని చూసినప్పుడల్లా అతని కళ్ళల్లో కోపం. ఈ నేల మాది అని అతను లోలోపల అంటున్నట్టు మనకు వినిపిస్తుంది. చివరికి ఆ రక్తం తాత పొందిన దత్తత మాత్రమేనని తేలిపోతుంది. ఆదివాసి హక్కు అనుకుని మనం భయపడ్డది, సానుభూతి చూపింది, ఒక ఇంగ్లీషు సైనికాధికారి వారసత్వంగా మారిపోతుంది. క్రోఘన్ అల్లుణ్ణి గుర్తుంచుకోమన్నది ఇందుకే. నిజజీవితంలో అడ్డుపడిన బ్రిటిష్ అధికారిని రచయిత మరిచిపోలేదు. అతనికి సగం ఆస్తి ఇచ్చి సమాధానపరిచాడు. మిగిలిన దావాదారు జాన్. అతనికి దక్కింది చావు.

ఈ జాన్ అసలు పేరు చింగచ్‌గూక్, తన తెగలో ఆఖరివాడు. ఆఖరివాడు అనే మాట మీద కవులూ విమర్శకులూ చాలా కన్నీళ్ళు కార్చారు. నేను దస్తావేజుల మనిషిని, నాకు ఆ మాట వేరుగా వినిపిస్తుంది. ఆఖరివాడు అంటే వారసులు లేనివాడు. వారసులు లేనివాడి ఆస్తి మీద ఇక ఎవరూ దావా వెయ్యరు. కొండమీద అడవి అంటుకున్నప్పుడు అతను తన జాతి వేషం వేసుకుని, పాతకాలం తలుచుకుంటూ, కదలకుండా చావును ఆహ్వానించే ఘట్టం ఎంతో అందంగా ఉంటుంది. అందుకే దాన్ని అనుమానించాలి. ఆ సరస్సుకు ఎంతో దూరం లేని చోట అప్పుడు ఒనైడాలు సజీవంగా ఉన్నారు. యుద్ధంలో అమెరికన్ల పక్షాన పోరాడినవాళ్ళు. అయినా 1788లో న్యూయార్క్ రాష్ట్రం వాళ్ళ భూముల్లో చాలా భాగం తీసుకుంది, 1795లో మిగిలిన దాంట్లోంచి ఇంకా తీసుకుంది. ఆ 1795 కొనుగోలు కేంద్ర ప్రభుత్వం సమ్మతి లేకుండా జరిగింది కాబట్టి ఒనైడాలు దావా వెయ్యవచ్చునని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. 2005లో అదే కోర్టు, వాళ్ళు తిరిగి కొనుక్కున్న నేల మీద పాత అధికారం ఇంతకాలం తర్వాత చెల్లదని తేల్చింది. రెండు తీర్పులూ ఎట్లా ఉన్నా, దావా వేసినవాళ్ళు ఉన్నారు కదా! ఆఖరివాళ్ళు కారు కదా!

నవలలో ఒక సంభాషణ ఉంది. జడ్జి తాను మొదటిసారి ఒంటరిగా కొండెక్కి ఈ లోయను చూసిన రోజు గురించి చెబుతుంటాడు. మనిషి జాడ లేదు, ఒకచోట పొగ మాత్రం కనిపించింది. అది నాటీ గుడిసె. నాటీ ఆదరంగానే పిలిచాడు, కాని పేరూ వచ్చిన పనీ చెప్పేసరికి ఆ ఆదరం సన్నగిల్లింది. అక్కడ ఆలివర్ కలగజేసుకుని భూమి హక్కు సంగతి ఎత్తుతాడు. జడ్జి జవాబు చూడండి. ఆదివాసుల హక్కు పాత యుద్ధంతోనే ముగిసిపోయిందంటాడు. వెంటనే, ఒకవేళ ముగియకపోయినా తన దగ్గర రాజు గవర్నర్లిచ్చిన పట్టా ఉంది, రాష్ట్రం దాన్ని ఖాయం చేసింది, ఈ దేశంలో ఏ కోర్టూ తనను కదపలేదంటాడు. నిశ్చయంగా తెలిసినవాడు "ఒకవేళ" అనడు. నా బల్లముందు కూర్చున్నవాళ్ళలో కూడా హక్కు గట్టిగా ఉన్నవాడు ఒక్క కారణం చెప్పేవాడు. రెండు కారణాలు చెప్పేవాడి కాగితాలు నేను రెండుసార్లు చూసేవాణ్ణి.

నవల 1823 ఫిబ్రవరి 1న వచ్చింది. వారాల తేడాలో అమెరికా సుప్రీంకోర్టు జాన్సన్, మెకింటాష్ దావాలో తీర్పు చెప్పింది. 1773, 1775 సంవత్సరాల్లో ఆదివాసుల దగ్గర నేరుగా భూములు కొన్నవాళ్ళ వారసులు ఒకవైపు, ప్రభుత్వం దగ్గర కొన్నవాడు ఒకవైపు. ఆదివాసులకు ఉన్నది కాపురపు హక్కు మాత్రమే, దాన్ని తీర్చి పట్టా ఇవ్వగలిగేది రాజ్యమొక్కటే అన్నాడు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్. జయించినవాడి హక్కును జయించినవాడి కోర్టులు కాదనలేవని కూడా ఒప్పుకున్నాడు. జడ్జి టెంపుల్ చెప్పిన రెండో కారణం ఇదే కదా!

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ తీర్పు ప్రకారం చూస్తే, కథలో డెలావేర్లు ఎఫింగమ్‌కు ఇచ్చిన దానం చట్టం ముందు చెల్లదు. చెల్లేది రాజపట్టా ఒక్కటే. అంటే తండ్రి హక్కు నిలవడానికి కొడుకు కల్పించిన దానంతో అవసరమే లేదు. మరి ఎందుకు కల్పించాడు? చట్టానికి పట్టా చాలింది, కొడుకు మనసుకు చాలలేదు. ఆ ఇచ్చినవాళ్ళు ఇష్టంగా ఇచ్చారని ఎవరో ఒకరు చెప్పాలి. నవలలో ఆ సంతకం చాలా శ్రమపడి పెట్టించాడు. ఈ శ్రమలో ఉన్న అశాంతిని నేను గౌరవిస్తాను.

ఆ అశాంతే నాటీ బంపో విచారణ ఘట్టంలో గొప్ప సాహిత్యమైంది. జడ్జి మంచి చట్టాలు తెస్తాడు. అడవి, చేపలు, దుప్పులు నాశనం కాకూడదని అతని తపన. పావురాల గుంపులు ఆకాశం కమ్మితే ఊరు ఊరంతా ఫిరంగి పెట్టి కాలుస్తుంది. నాటీ తనకు కావలసిన ఒక్క పిట్టను కొట్టుకుని పోతాడు. (ఆ జాతి పావురాల్లో చివరిది 1914లో జంతుప్రదర్శనశాలలో చచ్చిపోయింది.) ఇవి చదివి జడ్జిని ప్రకృతి రక్షకుడని పొగిడినవాళ్ళున్నారు. కాని ఆ అడవిని ముక్కలు కోసి గొడ్డలి పట్టినవాళ్ళకు అమ్మింది ఎవరు? అమ్మకం అయ్యాక వచ్చిన చట్టం మొదట పట్టుకున్నది ఎవరిని? ఏదీ కొననివాణ్ణి, ఏదీ అమ్మనివాణ్ణి. వేళ కాని వేళ దుప్పిని చంపాడని, గుడిసె సోదా చెయ్యబోతే తుపాకీ ఎత్తాడని నాటీకి జరిమానా, బొండకొయ్య, జైలు. చిరుతపులి నోటినుంచి జడ్జి కూతుర్ని అతను కాపాడింది ఆ రోజే. జడ్జికి అది తెలుసు, బాధపడతాడు, అయినా శిక్ష వేస్తాడు. రచయిత ఎవరి పక్షమో ఇక్కడ చెప్పడం కష్టం. తండ్రి నోట చట్టాన్ని పలికించాడు. నాటీ నోట, నలభై ఏళ్ళు ఈ కొండల్లో తిరిగినవాడి గుండెకోతను పలికించాడు. ఏ ఒక్కదాన్నీ తగ్గించలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సత్రంలో జాన్ తాగి తూలే ఘట్టంలో తెల్లవాళ్ళు ఊహించుకున్న ఆదివాసే ఉన్నాడు. అతని మాటలు మనిషి మాటల్లా కాక శిలాశాసనంలా ఉంటాయి. గుహలోంచి ముసలి మేజర్‌ను బయటికి తెచ్చి ముడులన్నీ ఒక్కసారిగా విప్పడం నాటకాల బాణీ. అన్నిటినీ మించి, నాటీ ఊరు వదిలి పడమటికి పోయే చివరి ఘట్టంలో, ఆ వెళ్ళిపోవడాన్ని జాతి ముందడుగుకు దారితీయడంగా వర్ణించి ముగించాడు. పొమ్మన్నవాళ్ళకే అతన్ని ముందు నడిచే బంటుగా చేశాడు.

తర్వాత కాలంలో ఆ అశాంతి కూడా కూపర్‌లో మిగల్లేదు. యూరప్ నుంచి వచ్చి 1834లో తండ్రి ఇంటిని తిరిగి కొనుక్కున్నాడు. 1837లో సరస్సు ఒడ్డున ఊరివాళ్ళు విహారానికి పోయే స్థలం తన కుటుంబానిదని, అనుమతి లేకుండా రాకూడదని ప్రకటన వేశాడు. పత్రికలు తిడితే వాటిమీద దావాలు వేశాడు. 1839 నుంచి హడ్సన్ నదీ ప్రాంతంలో పెద్ద జమీందార్లమీద కౌలురైతులు తిరగబడితే, 1845, 46 సంవత్సరాల్లో వరసగా మూడు నవలలు రాసి జమీందార్ల తరఫున వాదించాడు. ఆ రైతులు ముసుగులు వేసుకుని, రంగురంగుల గుడ్డలు కట్టుకుని, ఆదివాసుల వేషంలో తిరిగేవాళ్ళు. నేల పోగొట్టుకున్నవాడి వేషం నేల కావాలన్నవాడికి పనికొచ్చింది! ఈ మూడు నవలల్లో చివరిది "ది రెడ్‌స్కిన్స్". అందులో ఒక ముసలి ఆదివాసి ఆ రైతుల్ని మందలిస్తాడు, అంటే జమీందారు పక్షాన సాక్ష్యం చెబుతాడు. "ది పయొనీర్స్"లో ప్రశ్న అడిగినవాణ్ణి ఇక్కడ సాక్షిని చేసి కూర్చోబెట్టాడు. ఆ నవలలు నేను చదివాను, మళ్ళీ చదవబుద్ధి పుట్టలేదు. "ఒకవేళ" అనే మాట పోయిన చోట వకీలు మిగులుతాడు గాని రచయిత మిగలడు.

టేలర్ పుస్తకం గురించి కూడా ఒక మాట. బాకీ పత్రాలు, ఎన్నికల తగాదాలు, ఇంటి ఉత్తరాలు అన్నీ తవ్వి ఒక మనిషి ఎదుగుదలనూ పతనాన్నీ ఇంత దయతో, ఇంత కచ్చితంగా చెప్పిన చరిత్ర నేను ఇంకొకటి చదవలేదు. విలియం కూపర్‌ను రాజకీయ విరోధి వెనకనుంచి తలమీద కొట్టి చంపాడన్న ఇంటి కథకు ఆధారం లేదని కూడా అతనే తేల్చాడు. అయితే ఆ పుస్తకంలో కూడా కథ నిజంగా నడిచేది వేలం దగ్గర్నుంచే. ఆ లోటు తనకూ తెలిసిందేమో, 2006లో "ది డివైడెడ్ గ్రౌండ్" అనే ఇంకో పుస్తకంలో ఇరొక్వాల వైపు నుంచి అదే సరిహద్దును రాశాడు. ఆసక్తి ఉన్నవాళ్ళు రెండూ కలిపి చదవాలి.

విలియం కూపర్ తన పుస్తకంలో 1785లో తాను వచ్చేనాటికి అక్కడ కాపురం లేదు, బాట లేదు అని రాసుకున్నాడు. నిజానికి అదే సరస్సు మొగలో అంతకు పదిహేనేళ్ళ ముందే క్రోఘన్ ఇళ్ళు కట్టించాడు. 1779లో అమెరికన్ సైన్యం అక్కడ దిగి, సరస్సుకు అడ్డకట్ట కట్టి, ఆ నీళ్ళు వదిలి పడవల్లో పోయి దిగువన ఇరొక్వాల ఊళ్ళు తగలబెట్టింది. ఖాళీగా ఉన్న నేల కాదది, ఖాళీ చేయించిన నేల. నేను రాసిన "పూర్వం నుంచి నిరాటంకంగా" అన్న మాటకు అమెరికా తర్జుమా అది.

మా ఇళ్ళల్లో కూడా పెద్దలు చెప్పే కథ ఒకటుంది. మనవాళ్ళు వచ్చేనాటికి ఇదంతా కారడవి, పులులు తిరిగేవి, మనం అడవి కొట్టి, చెరువు కట్టి, ఊరు నిలిపాం అని. చిన్నప్పుడు వింటుంటే ఒళ్ళు పొంగేది. పరరాష్ట్రంలో మన భాషకు చోటు అడగవలసి వచ్చినప్పుడల్లా ఆ కథనే పట్టాలాగా చూపించాం, ఇప్పటికీ చూపిస్తున్నాం. అందులో అబద్ధం ఉందని నేను అనను. చెరువు ఉంది, ఊరు ఉంది. కాని ఈ కొండల్లో ఇరుళర్లున్నారు. తేనెకూ దుంపలకూ అడవికి పోయేవాళ్ళు. మా కథలో వాళ్ళ పేరు ఒక్కసారి కూడా రాదు. ఈ నవల చదివేదాకా రావడం లేదని నేను గమనించనైనా లేదు.

తండ్రిని కాదనకుండానే తండ్రి మూలపత్రం విప్పి చూసిన కొడుకు జేమ్స్ కూపర్. చూసి భయపడి కథతో కప్పాడు, కప్పినా "ఒకవేళ" అన్న మాటను మాత్రం తుడిచెయ్యలేదు. మనం ఊళ్ళ చరిత్రలు రాసుకునేటప్పుడు ఆ పాటి నిజాయితీ మనకూ ఉండాలి. ఆచంద్రతారార్కంగా అనుభవించవలసినదని రాయడం నాకు చేతనైన పని. ఆ వాక్యానికి పైన, దారం తెగిన చోట, ఒక ఖాళీ గీత గీసి వదిలెయ్యడం మాత్రం నాకు ఈ నవల నేర్పింది.